నల్లగుడ్లు పెట్టని లారీ

రిటైరైన మనిషి ఖాళీగా కూర్చుంటే చూడలేరు ఈ కాలం పిల్లలు. మా దూరవిద్యా కేంద్రంలో ఇప్పుడు పాఠాలు చెబుతున్న కుర్ర లెక్చరర్లు కొన్నాళ్ళుగా నా ప్రాణం తీస్తున్నారు, మరిచిపోలేని విద్యార్థి గురించి రాయండి మేడం అని. ర్యాంకు కొట్టినవాడి గురించో, కలెక్టరాఫీసులో కుర్చీ సంపాదించిన అమ్మాయి గురించో రాస్తానని వాళ్ళ ఆశ. నాకు మాత్రం ఆ మాట వినగానే గుర్తొచ్చేది డిగ్రీ సగంలో వదిలేసిన ఒక లారీ పెయింటరు, అతను కళ్ళు గీసిన ఒక లారీ. ఆ లారీ తలపుకొస్తే పట్టపగలు కూడా వంటింట్లోంచి లేచి వచ్చి వీధి గుమ్మంలో కాసేపు నిలబడతాను. వచ్చేపోయే మనుషులు కనబడితే కాస్త బాగుంటుంది.

విజయనగరంలో మా కేంద్రానికి ఆదివారమే తరగతులు. వారమంతా పని చేసుకునేవాళ్ళు వచ్చి కూర్చునేవారు. అంగన్‌వాడీ టీచర్లు, కండక్టర్లు, మిల్లు గుమాస్తాలు, పొలం పనులు చూసుకుని బస్సెక్కి వచ్చే రైతులు. వాళ్ళకి నేను చెప్పిన పేపరు ప్రపంచ సాహిత్యంలో పగ, న్యాయం. ఎవరు పెట్టారో ఆ పేపరు, వాళ్ళ పుణ్యం. చచ్చిపోయిన రాజు కొడుక్కి కనబడి నన్ను చంపింది ఫలానావాడు అని చెప్పే కథలు, తండ్రి నెత్తురు కళ్ళజూసినవాడి కోసం ఊళ్ళు పట్టి తిరిగే కొడుకులు, మొగుడి మీద కోపంతో ఇల్లు వల్లకాడు చేసుకున్న ఆడవాళ్ళు. ఏ దేశం తిరగేసినా అదే గోల, ఆఖరి పేజీకి శవాలు తప్ప ఎవరూ మిగలరు. నేను పుట్టింది మిషను చర్చి కుటుంబంలో. క్షమాపణ గురించి పాస్టరుగారు చెప్పేది వినాల్సిన పొద్దున నేను బస్సెక్కి వచ్చి పగ గురించి గొంతు చించుకునేదాన్ని. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ నా ముఖం చూసి నిట్టూరుస్తూనే ఉంది.

నాతోపాటు రాజనీతి చెప్పే మాస్టారొకాయన ఉండేవారు. మంచి మనిషి, కానీ లోకంలో ప్రతిదానికీ ఒక సెక్షను ఉంటుందని నమ్మకం. నా పాఠం పక్క గదిలోంచి విని నవ్వేవారు. "మీ రాజుగారి ఇంటికి దగ్గర్లో ఒక స్టేషనూ ఒక కోర్టూ ఉండి ఉంటే ఈ పుస్తకాలన్నీ పుట్టేవే కావు మేడం" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. గది తలుపు వేసి ఇంకా గట్టిగా చెప్పేదాన్ని.

ఆ పెయింటరు సాలూరు నుంచి వచ్చేవాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. అక్కడి లారీ షెడ్డులో రంగులు వేసే పని. చివరి బెంచీలో కూర్చుని, గోళ్ళలో ఎర్రరంగు పచ్చరంగు ఇరుక్కున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని వినేవాడు. రాసుకునేవాడు కాదు. అలా రాసుకోని వాళ్ళంటే నాకు చిరాకు. ఒకరోజు కసిరాను కూడా. "రాసుకుంటే మరిసిపోతాను మేడం, ఇంటేనే ఉంటాది" అన్నాడు. ఆ మాట నచ్చి ఊరుకున్నాను.

చనిపోయిన తండ్రి కనబడే కథ చెప్పిన రోజున అందరూ వెళ్ళిపోయాక అతను బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఈ కతల్లో సచ్చిపోయినోళ్ళు వచ్చి సెప్తారు. మరి రాకపోతే?"

"రాకపోవడమేమిటి?"

"మా సెల్లి రాలేదండి. కల్లోకైనా రాలేదు."

అప్పుడు చెప్పాడు. చెల్లెలు విజయనగరంలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఒకనాడు రాత్రి డ్యూటీ కాస్త ముందే దిగి, తెల్లవారుజాము బస్సెక్కి, గజపతినగరం దాటాక ఒక స్నేహితురాలి ఇంటికని బస్సు దిగింది. ఇంకా తెల్లవారలేదు. రోడ్డు దాటుతుంటే లారీ కొట్టేసి వెళ్ళిపోయింది. పొలానికి వెళ్తున్నవాళ్ళు చూసేసరికి ప్రాణం లేదు. తర్వాత ఒక డ్రైవరు లారీతో సహా వచ్చి స్టేషన్లో లొంగిపోయాడు. కేసు నడుస్తోంది.

"మరి దొరికాడు కదా" అన్నాను.

"ఆ తాతా? ఆడికి సెయ్యి వణుకుతాది మేడం. మా నాన్న కోర్టులో సూసినాడు. ఆడు స్టీరింగు పట్టి ఎన్నాళ్ళయిపోనాదో. ఎవులి బదులో నిలబడినాడు." అతని గొంతులో కోపం లేదు. అదే నాకు బాగాలేదనిపించింది. "ఎవుడో ఒకడు నడిపినాడు కదండీ. ఆడి మొగం ఎలా ఉంటాదో నాకు తెలదు. బస్సులో నా పక్క సీట్లో కూకున్నా తెలదు."

ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ పక్క సీట్లో మనిషి వైపు నేను రెండుసార్లు చూశాను.

సెమిస్టరు చివర విద్యార్థులకి ఒక పని ఇచ్చేదాన్ని. పుస్తకాలు పక్కన పెట్టి, మీ ఇంటి దగ్గర, మీ పని దగ్గర పగకీ న్యాయానికీ సంబంధించిన ఆచారం ఏదైనా ఉంటే వచ్చి చెప్పమనేదాన్ని. సాధారణంగా అత్తాకోడళ్ళ తగాదాలూ, గట్టు తగాదాలూ వచ్చేవి. అందరం నవ్వుకునేవాళ్ళం. ఆ ఆదివారం పెయింటరు లేచి నిలబడ్డాడు.

"మా షెడ్డులో ఒకటున్నాదండి. మనిసిని తిన్న బండికి మొగం మారుస్తాం."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

అతను చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. లారీ కింద మనిషి పోతే, ఆ లారీని పాత ముఖంతో మళ్ళీ రోడ్డెక్కించరు. చనిపోయినవాళ్ళు గుర్తుపడతారని. షెడ్డుకి తెచ్చి గోడవైపు తిప్పి పెడతారు. అద్దం పైన బోర్డు మీది పేరు, పువ్వులు, అద్దం కింద రెండువైపులా గీసిన కళ్ళు అన్నీ గీకేస్తారు. కొత్త రంగు, కొత్త పేరు వేస్తారు. కళ్ళు కూడా గీస్తారు గానీ తెల్లగుడ్డు వరకే. నల్లగుడ్లు మాత్రం చివర్న, బండిని ఇటు తిప్పాక, పట్టపగలు, అందరూ చూస్తుండగా పెడతారు. పెట్టేటప్పుడు ఆ బండి నడిపినవాడు కొబ్బరికాయ పట్టుకుని ఎదురుగా నిలబడాలి.

"ఎందుకు?" అని అడిగింది ముందు బెంచీలో అంగన్‌వాడీ టీచరు.

"నల్లగుడ్డు పడగానే ఆ కంట్లోంచి ముందుగాల సూసేది సచ్చిపోయినోళ్ళేనండి. ఎదురుగా సేసినోడు నిలబడితే, సూసి, ఒగ్గేసి ఎల్లిపోతారు. సెయ్యనోడు నిలబడితే ఒగ్గరు. ఆడెంటే ఆడింటికి పోతారు."

"నడిపినోడు రాకపోతే?" అని మళ్ళీ అడిగిందామె.

"అందాకా బండి గుడ్డిదే. ఎవులూ తోలరు."

తర్వాత అతను నా వైపు తిరిగాడు. "మా సెల్లిని కొట్టిన లారీ మా షెడ్డుకే వచ్చినాది మేడం. నంబరు మా నాన్నకి నోటికొచ్చు. కొత్తవలస ఓనరు. నానెవుణ్ణో ఆయనకి తెలదు. మా మేస్త్రి ముట్టుకోకురా అన్నాడు. నానే గీస్తానన్నాను. వచ్చే ఆదివారం నల్లగుడ్లు పెడతాం."

నాకు అప్పుడు తట్టింది. కోర్టులో ఎవరినైనా నిలబెట్టవచ్చు. ఆ లారీ ముందు మాత్రం నడిపినవాణ్ణే నిలబెడతారు. ఇన్నాళ్ళూ తెలియని ముఖం వచ్చే ఆదివారం తనంతట తానే నడిచి వచ్చి ఇతని ఎదుట నిలబడబోతోంది. చేతికందే దూరంలో ఇనపరాడ్లూ, జాకీలూ ఉండే షెడ్డులో.

తరగతి అయ్యాక అతన్ని ఆపాను. తిన్నగా అడిగేశాను, చంపుతావా అని.

"తెలదు మేడం. ఆడి మొగం సూసేవరకూ నాకూ తెలదు."

"నేను చెప్పిన కథలు విన్నావు కదా. చివరికి ఎవరూ మిగలరు."

"ఇన్నానండి. అన్నిట్లోనూ బేగి సంపేస్తారు. ఎవులూ ఏటీ అడగరు." గోట్లో ఎండిన రంగు గీక్కున్నాడు. "సంపేస్తే ఆడి నోరు మూసుకుపోద్ది కదా మేడం. మా సెల్లికి ఆకర్న ఏటయిందో సెప్పగలిగినోడు ఆడొక్కడే."

రాజనీతి మాస్టారికి చెబితే పోలీసులకి చెప్పమన్నారు. ఏమని చెప్పాలి, లారీకి కళ్ళు పెడుతున్నారని చెప్పాలా అన్నాను. ఆయనకీ సెక్షను తోచలేదు. ఆ ఆదివారం తరగతులు రద్దు చేసి ఇద్దరం సాలూరు బస్సెక్కాం. దారంతా ఆయన ఏదో చట్టం చెబుతూనే ఉన్నారు, నేను వింటున్నట్టు తలాడిస్తూనే ఉన్నాను. గజపతినగరం దాటాక ఇద్దరం కిటికీలోంచి రోడ్డు పక్కకే చూశాం.

ఆ షెడ్డు ఎలా ఉంటుందో సాలూరు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రేకులు, వెల్డింగు వాసన, బాడీ కట్టని ఛాసిస్‌లు. మామూలుగా చెవులు పగిలిపోయే మోత ఉండాలి. ఆ రోజు ఎవరూ సుత్తి ఎత్తడం లేదు. లారీని అప్పటికే ఇటు తిప్పారు. ముందుభాగం మీద పాత దుప్పటి కప్పి ఉంది. మేస్త్రి, పెద్దాయన, పెయింటరుని వదలకుండా అతని వెనకే తిరుగుతున్నాడు. ఆయన కూడా నాలాగే భయపడుతున్నాడని అర్థమైంది.

కొత్తవలస ఓనరు కారులో వచ్చాడు. కారు లోపల ఇంకెవరో ఉన్నారు గానీ దిగలేదు. ముందు సీట్లోంచి మాత్రం ఒక ముసలాయన దిగాడు. వణికే చేతులు చూసి ఎవరో తెలిసిపోయింది. స్టేషన్లో లొంగిపోయింది ఆయనే. ఓనరు ఆయన చేతిలో కొబ్బరికాయ పెట్టి, "నిలబడు తాతా, ఐపోద్ది" అన్నాడు.

మేస్త్రి అడ్డం వచ్చాడు. "నువ్వేనా తోలింది? సరిగ్గా సెప్పు. తప్పయితే మా పెయింటరు మీదా పడతాది."

ముసలాయన ఓనరు వైపు చూశాడు. పెయింటరు వెళ్ళి దుప్పటి లాగేశాడు.

పసుపుపచ్చ రంగు మీద రెండు పెద్ద కళ్ళు. రెప్పలు, కనుబొమలు అన్నీ ఉన్నాయి. లోపల మాత్రం ఉత్త తెలుపు. మధ్యాహ్నపు ఎండ ఆ తెలుపు మీద పడి కొడుతోంది. గుడ్డివాళ్ళ కళ్ళు నేను చూశాను, అవి అలా ఉండవు. ఇవి చూడటానికి సిద్ధంగా ఉన్న కళ్ళు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. మా మాస్టారు నా కంటే ఒక అడుగు వెనక్కి వేశారు.

ముసలాయన కొబ్బరికాయని నేల మీద పెట్టేశాడు.

"నానుండలేను బాబూ."

"కోర్టులో నిలబడినావు కదా" అన్నాడు ఓనరు, గొంతు తగ్గించి.

"కోర్టులో జడ్జిగారు కాయితం సూసినారు. నిలబడినాను. ఇక్కడ దీని ఎదర నానుండలేను. నాకు మనవలున్నారు బాబూ." అని ఆయన తిరిగి చూడకుండా రోడ్డు మీదికి నడిచి వెళ్ళిపోయాడు. బస్టాండు ఎటో కూడా అడగలేదు.

ఓనరు జేబులోంచి ఫోను తీసి, మళ్ళీ పెట్టేసుకున్నాడు. ఆ మనిషికి వకీళ్ళున్నారు, పలుకుబడి ఉంది. చట్టాన్ని ఎలా తప్పించుకోవాలో తెలుసు. ఈ ఆచారాన్ని ఎలా తప్పించుకోవాలో తెలియదు. తప్పించుకుంటే ఆ చనిపోయిన పిల్ల ఇంటికొస్తుందని ఆయన మనసారా నమ్ముతున్నాడు. చివరికి కారు దగ్గరికి వెళ్ళి తలుపు తీశాడు. "దిగరా" అన్నాడు.

దిగింది ఆయన కొడుకు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాడు. నేను ఎవరో రాక్షసుణ్ణి ఊహించుకున్నాను. మా తరగతిలో కూర్చుంటే రెండో బెంచీలో కూర్చునే రకం. కొబ్బరికాయ తీసుకుని ఎదురుగా నిలబడి, తలెత్తి లారీని చూశాడు. వెంటనే ముఖం తిప్పేసుకున్నాడు.

"అలా సూస్తన్నాదేటి?" అన్నాడు.

"ఇంకా నల్లగుడ్లు పెట్టలేదు. ఇంకా సూడ్డం లేదు" అన్నాడు పెయింటరు.

అతను నల్లరంగు డబ్బా, కుంచె పట్టుకుని స్టూలెక్కాడు. కుంచె ముంచి, ఆపి, కుర్రాడి వైపు తిరిగాడు. నేను అతని ముఖమే చూస్తున్నాను. ఆరోజు నేనెందుకు వచ్చానో ఆ క్షణంలో తేలిపోవాలి.

"ముందు నువ్వు సేసింది సెప్పాల" అన్నాడు. "నోటితో. సచ్చిపోయిన మనిసి ఇనేటట్టు. అప్పుడే నల్లగుడ్డు నిలుస్తాది."

మేస్త్రి చటుక్కున తలెత్తాడు. అలాంటి ఆచారం ఏదీ లేదని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. కానీ ఆయన నోరు మెదపలేదు.

కుర్రాడు తండ్రిని చూశాడు. తండ్రి నేల చూస్తున్నాడు. తర్వాత ఆ తెల్లటి కళ్ళకే చెప్పడం మొదలుపెట్టాడు.

"సరదాకి తోలినాను. మామూలు డ్రైవరు తాగి పక్కన పడుకున్నాడు. నిద్దరొచ్చినాది. దెబ్బ తగిలినాక ఆపినాను. దిగినాను." కొబ్బరికాయని రెండు చేతులా పట్టుకున్నాడు. "బతికే ఉన్నాది. నీలు అడిగినాది. నీల బాటిలు కోసం కేబినెక్కినాను. ఎక్కినాక దిగలేకపోనాను. తోలీసినాను."

"ఇంకేటైనా అన్నాదా?" పెయింటరు గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"ఏదో అన్నాది. ఇనబడలేదు."

షెడ్డులో అందరి చూపూ పెయింటరు మీదే. స్టూలు పక్కనే చక్రాలు విప్పే రాడ్డు ఆనించి ఉంది. మేస్త్రి దాని వైపు ఒక అడుగు వేసి, దాన్ని కాలితో మెల్లగా లారీ కిందికి తోశాడు. నేను చిన్నప్పటినుంచీ నేర్చిన ప్రార్థనల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

పెయింటరు లారీ వైపు తిరిగి కుడికంట్లో నల్లగుడ్డు పెట్టాడు. గుండ్రంగా, తీరుబడిగా, అంచులు దిద్దుతూ. తర్వాత కుంచె తుడిచి దిగిపోయాడు.

"రెండోదో?" అన్నాడు ఓనరు.

"ఇది ఇక్కడ సెప్పినదానికి. రెండోది కోర్టులో సెప్పినాక." కుర్రాడి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఆ మనిసి అన్నని నాను."

కుర్రాడి చేతిలోంచి కొబ్బరికాయ జారిపోయింది. పగల్లేదు, దొర్లుకుంటూ చక్రం దగ్గర ఆగింది. దాన్ని ఎవరూ తీయలేదు.

తిరుగు బస్సులో మా మాస్టారు తన ఫోను తీసి చూసుకుని తిట్టుకున్నారు. పొద్దున తిన్న ఇడ్లీకి కూడా ఫోటో తీసే మనిషికి అంతసేపూ అది జేబులో ఉందని గుర్తే రాలేదట. రికార్డు చేసి ఉంటే సాక్ష్యం అయ్యేది కదా అని వాపోయారు. తర్వాత విన్నాను, పెయింటరు దానికి ఒప్పుకునేవాడే కాదు. దొంగతనంగా పట్టుకున్న మాట వద్దట. వాడే వెళ్ళి వాడి నోటితో చెప్పాలట.

ఒంటికన్ను లారీ ఆ షెడ్డు ముందు నిలబడిపోయింది. ఓనరు ఊరుకోలేదు. ఇంకెక్కడినుంచో ఒక పెయింటరుని తెచ్చి ఎడమకన్ను పూర్తి చేయించాడు. తెల్లారేసరికి ఆ నలుపు కరిగి బుగ్గ మీదుగా బంపరు దాకా కారిపోయి ఉంది. టర్పెంటైన్ ఎక్కువైతే అలా అవుతుందని రంగుల పనివాళ్ళు చెప్పారు. నేను వాకబు చేశాను, నిజమే, అవుతుంది. ఆ కారిన చార తుడవడానికి మాత్రం షెడ్డులో ఒక్కడూ ముందుకు రాలేదు. ఒడిశా వైపు తోలుకుపోదామని ఇద్దరు డ్రైవర్లు వచ్చి, చూసి, టీ తాగి వెళ్ళిపోయారు.

ఓనరు కొడుకు అప్పుడప్పుడూ వచ్చి షెడ్డు అరుగు మీద కూర్చునేవాడట. ఆ కంటికి కనబడకుండా పక్కకి జరిగి కూర్చునేవాడు. ఎటు జరిగినా అది తనవైపే చూస్తోందని మేస్త్రితో అన్నాడు. పెయింటరు నాకు ఫోనులో చెబుతూ, "తిన్నగా గీసిన కన్ను ఎటునుంచి సూసినా అలాగే ఉంటాది మేడం, బొమ్మల్లో మామూలే" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "కానీ నానలా గియ్యలేదండి. పక్కసూపు గీసినాను" అన్నాడు. ఫోను పెట్టేసి నేను ఇంట్లో లైట్లన్నీ వేసుకున్నాను. ఇంకా సాయంత్రం కూడా కాలేదు.

ఆ వానాకాలం వెళ్ళాక కుర్రాడు తండ్రికి చెప్పకుండా ఒక్కడే స్టేషనుకి వెళ్ళాడు. నడిపింది నేను అన్నాడు. కేసు తిరగదోడారు. కోర్టులోనూ అదే చెప్పాడు. నీళ్ళ బాటిలు సంగతితో సహా. శిక్ష పడింది. పెద్ద శిక్షేం కాదు, మన చట్టంలో దానికి అంతే ఉందని మాస్టారు సెక్షను చెప్పి మరీ వివరించారు. ఈసారి ఆయన గొంతులో ఆ ధీమా లేదు.

జైలుకి వెళ్ళే ముందు ఆ కుర్రాడు రెండో కన్ను పెట్టించుకోవాలని అడిగాడు. పెయింటరు నన్ను రమ్మన్నాడు. ఈసారి ఒక్కదాన్నే వెళ్ళాను. ఓనరు రాలేదు. మేస్త్రి, నేను, ఇద్దరు పనివాళ్ళు. కుర్రాడు చాలా చిక్కిపోయి ఉన్నాడు, కానీ ఈసారి తల దించలేదు.

ఎడమకంటి మీద కారిన చారని పెయింటరు తనే గీకేసి, మళ్ళీ తెలుపు వేసి ఉంచాడు. స్టూలెక్కాడు. కుంచె ముంచాడు. ఎడమకంటి ముందు చెయ్యి అలాగే నిలిచిపోయింది. రంగు చుక్క స్టూలు మీద పడింది, ఇంకొకటి పడింది.

"ఏటిరా?" అన్నాడు మేస్త్రి.

"సెయ్యి రాటం లేదు మావా." అతను వెనక్కి తిరగలేదు. "ఇది పెట్టీసినానంటే ఇది ఉత్త లారీ అయిపోద్ది. ఇన్నాళ్ళూ పొద్దున్నే వచ్చి దీని కన్ను సూసేవోణ్ణి. ఎక్కడో ఉన్నాదిలే అనుకునేవోణ్ణి."

నేను ఆ పేపరు అన్నేళ్ళు చెప్పాను. పగ పట్టినవాళ్ళు పగ ఎందుకు వదలరో వెయ్యి వాక్యాల్లో చెప్పగలను. చనిపోయినవాళ్ళని తమ దగ్గర ఉంచుకోవడానికి వాళ్ళకి మిగిలిన దారి అదొక్కటేనని ఆ స్టూలు మీద అతని వీపు చూసేదాకా నాకు తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అప్పుడు కింద ఉన్న కుర్రాడు మాట్లాడాడు.

"ఆవేళ ఇనబడలేదన్నాను. ఇన్నాను."

పెయింటరు కుంచె దించాడు.

"మా అన్నకి ఫోను సెయ్యండి అన్నాది. నంబరు సెప్పినాది. ఒక్కో అంకే ఆగి ఆగి సెప్పినాది, నాను మరిసిపోకుండా." ఆ కుర్రాడు కళ్ళు మూసుకుని ఒక ఫోను నంబరు మొత్తం అప్పజెప్పాడు. గుర్తు తెచ్చుకునే ప్రయత్నం కూడా లేదు. ఎన్నిసార్లు లోపల అనుకుంటే మాట అలా వస్తుందో నాకు తెలుసు, పాఠాలు చెప్పినదాన్ని.

పెయింటరు స్టూలు మీదే కూలబడ్డాడు. ముఖం కుంచె పట్టిన చేతిలో పెట్టుకున్నాడు. కల్లోకైనా రాలేదని నాతో అన్న మనిషికి, చెల్లెలు ఆఖరి ఊపిరితో కబురు పంపింది. మోసుకురావలసినవాడు మోసుకురాలేదు, అంతే.

తర్వాత అతను లేచాడు. నుదుటి మీద, బుగ్గ మీద నల్లరంగు అంటుకుని ఉంది. తుడుచుకోకుండానే ఎడమకన్ను పెట్టాడు. కుర్రాడు కొబ్బరికాయ కొట్టాడు. పగిలింది. ఎవరో డ్రైవరు ఎక్కి స్టార్టు చేస్తే లారీ ఒక్కసారికే పలికింది. రోడ్డు మీదికి వెళ్ళి రాయగడ వైపు తిరిగిపోయింది. దాని ముఖం చూశాను. ఉత్త లారీ.

అతను తర్వాత తరగతులకి రాలేదు. పరీక్ష ఫీజు నేను కడతానన్నాను, వద్దన్నాడు. వినాల్సింది వినేశాను మేడం అన్నాడు. ఇప్పుడు సొంత షెడ్డు ఉంది, పెళ్ళయింది, ఒక ఆడపిల్ల. పండక్కీ పబ్బానికీ నేనే ఆ పాత నంబరుకి ఫోను చేస్తుంటాను. మొన్న చేసినప్పుడు సగం మాటలు తెగిపోతున్నాయి. వాళ్ళ వైపు ఆ కంపెనీ సిగ్నలు ఎప్పుడూ అంతే. ఇంకో కంపెనీకి మారితే నీ నంబరు అదే ఉంచుతారట కదా, లేకపోతే కొత్తదే తీసుకోవచ్చు కదా, ఎందుకీ బాధ అని విసుక్కున్నాను.

"మార్చుకునేటప్పుడు ఒక పూటైనా ఫోను పనిసెయ్యదంట మేడం" అన్నాడు. "ఆ పూట సెల్లి సేస్తేనో?"